పక్కకు ఒక అడుగు

డ్రోన్ల ఇంజనీరుకి బావమరిదంటే ప్రాణం. పిచ్చి మారాజు! కంపెనీ పెట్టిన రోజే షెడ్డు తాళాలూ, కంప్యూటర్ పాస్‌వర్డులూ అతని చేతిలో పెట్టేశాడు. "మా తమ్ముణ్ణి మరీ నెత్తికెక్కించుకుంటున్నారు" అని భార్య అంటే నవ్వేసేవాడు.

ఉన్నచోటి నుంచే నిట్టనిలువుగా లేచే కరెంటు డ్రోన్ ఒకటి తయారుచేశాడు. మొదటిసారి లేపినప్పుడు షెడ్డు దూలానికి గుద్దుకుని, తిన్నగా బావమరిది మీద పడింది. కనుబొమ్మ చిట్లి కుట్లు పడ్డాయి. ఇంజనీరు ఆ పూట అన్నం ముట్టలేదు. డ్రోన్ మనిషెత్తు లేవగానే ఎడమ పక్కకి ఒక అడుగు జరిగి, ఆ తర్వాతే పైకి వెళ్ళేలా ప్రోగ్రాం రాశాడు.

తర్వాత పరీక్షలు బయట మైదానానికి మారాయి. దూలం బెడద పోయినా ఆ అడుగు తీసెయ్యడానికి అతనికి మనసు రాలేదు. చూసి చూసి బావమరిది కంటికి అది ఆనడమే మానేసింది.

ఇంతలో పెద్దాసుపత్రి వాళ్ళు రక్తం సంచులు చేరవేయడానికి డ్రోన్లు కావాలన్నారు. ఆ పని దొరికితే కంపెనీ నిలుస్తుంది, లేకపోతే మూతే. ఎంపిక రోజున ముందు పోటీవాళ్ళ వంతు వచ్చింది. వాళ్ళ డ్రోన్ మనిషెత్తు లేచింది. ఎడమ పక్కకి ఒక అడుగు జరిగింది. అప్పుడు పైకెళ్ళింది.

ఇంజనీరు చప్పున పక్కనున్న బావమరిది వైపు తిరిగాడు.

"అలా పక్కకెందుకు జరిగింది?" అని పెద్ద డాక్టరమ్మ అడిగింది.

పోటీవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "గాలికండీ" అన్నారు. అక్కడ ఆకు కదిలితే ఒట్టు!

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఇంజనీరు బావమరిది చొక్కా పట్టుకున్నాడు. "ఎందుకిచ్చావురా వాళ్ళకి?"

బావమరిది బుకాయించనైనా లేదు. "నీ దగ్గరుంటే చచ్చేదాకా బావమరిదినే బావా. అక్కడ డైరెక్టర్ని చేస్తామన్నారు."

"ఒరేయ్, నీ నెత్తిన పడకూడదని పెట్టానురా ఆ అడుగు!"

ఈలోపు ఇంజనీరుకి పిలుపొచ్చింది. వెళ్ళి తన డ్రోన్ లేపాడు. అదీ ఎడమ పక్కకి ఒక అడుగు జరిగింది. జనం గొల్లుమన్నారు.

"వాళ్ళది చూసి చేశారా ఏం?" అంది డాక్టరమ్మ.

"కాదండీ. మా షెడ్డులో దూలముంది, దానికోసం పెట్టిందండీ ఇది. కావాలంటే మావాణ్ణి అడగండి, దెబ్బ తగిలింది వాడికే."

అందరూ బావమరిది వైపు తిరిగారు. అతను నుదుటి చెమట తుడుచుకుంటున్నట్టు కనుబొమ్మకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏ దూలమండీ? నాకేం తెలీదు" అన్నాడు.