రూతమ్మ తరఫున నా ఇటాలియన్

నా పాండిత్యం వల్ల ఒక ఆడపిల్ల చదువు ఆగిపోబోయిన కథ చెబుతాను. నవ్వండి, కానీ మధ్యలో నన్ను కాస్త తిట్టుకోండి కూడా.

తొంభైల చివర్లో గుంటూరు చుట్టుపక్కల ఇటాలియన్ భాషలో నన్ను మించినవాడు లేడు. నిజమే, ఉన్నది నేనొక్కణ్ణే. సరే, అదీ ఒప్పేసుకుంటాను: పాత పుస్తకాల బండి మీద దొరికిన వ్యాకరణం, అందులోనూ సగమే.

మా చేలో మిరపకాయలు కోసే రూతమ్మ ఒకరోజు పొద్దున్నే వచ్చింది. కూతురు జ్వరంతో మంచాన పడి నర్సింగు స్కూలు ఇంటర్వ్యూకి వెళ్ళలేకపోయింది, ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది. ఆ సాయంత్రంతో సీట్లన్నీ నిండిపోతాయి. ఇలాంటి పనికి ఓ పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్ళడం మా వైపు రివాజు.

"మేస్టారూ, మీరొచ్చి ఒక్క మాట చెప్పండి" అంది.

ఆ స్కూలు నడిపే కన్యాస్త్రీ, అక్కడి పెద్ద సిస్టరుది ఇటలీ అని తెలియగానే నా ఛాతీ పత్తి మూటలా ఉబ్బింది.

"ఆవిడ ముందు నువ్వు నోరు మెదపకు, రూతమ్మా."

"అది కాదండీ, ఆవిడకి..."

"నేనున్నానుగా!"

సిస్టరు ఎదుట కూర్చుని 'కాగితాలు తెచ్చాను' అనబోయాను. 'వాటిని తెచ్చాను' అంటే ఇంకా గొప్పగా ఉంటుందనిపించింది. కొంప మునిగింది అక్కడే. ఆ భాషలో 'వాటిని' అని ముందు అన్నామా, వెనకొచ్చే 'తెచ్చిన' కూడా వాటి లింగాన్నీ వచనాన్నీ బట్టి తోక మార్చుకోవాలి. ఇంతకీ కాగితాలు ఆడా, మగా? ఒక తోక తగిలించాను, పీకాను, ఇంకొకటి తగిలించాను. సిస్టరు గడియారం చూసింది. నేను చెమటలు తుడుచుకుంటూ ఆ సూత్రాన్ని ఆవిడకే వివరించడం మొదలుపెట్టాను. ఇటలీ ఆవిడకండీ!

పావుగంటయ్యాక ఆవిడ చేయెత్తి, తేట తెలుగులో అంది: "మేస్టారూ, మీరు మంచినీళ్ళు తాగండి. అమ్మా, నువ్వు చెప్పు."

"పిల్లకి టైఫాయిడ్ వచ్చిందమ్మా. ఇదిగో డాక్టరు చీటీ. మిరపకోతలో నా చేతులు మండినట్టు దాని చేతులు మండకూడదనే చదివించుకున్నా" అంది రూతమ్మ.

సిస్టరు చీటీ చదివింది. "సాయంత్రంలోగా పిల్లని తీసుకురా. ఇంటర్వ్యూ నేనే చేస్తాను."

బయటికొచ్చాక గదమాయించాను. "ఆవిడకి తెలుగొచ్చని ముందే చెప్పవేం?"

"మీరు చెప్పనిస్తేగా! మీరు రాకపోయుంటే ఈపాటికి పని ముగించుకుని ఇంటికాడ ఉండేదాన్నండి" అని పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒకటి తట్టింది. పదేళ్ళుగా మా చేలో పనిచేస్తున్న మనిషి వరసగా మూడు వాక్యాలు చెప్పగా నేను విన్నది ఆరోజే.

అందుచేత, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎవరి తరఫున మాట్లాడడానికి పిలిచినా తప్పకుండా వెళతాను. వెళ్ళి, వాళ్ళకి కుర్చీ వేయించి, నేను గుమ్మం బయట నిలబడతాను.