ఖలీల్ భాయ్ మింగని పత్తి

ఒక ఎడ్లబండిని, దాని నిండా ఉన్న పత్తిని, రెండు ఎడ్లను, పైన కూర్చున్న నిండు మనిషిని పట్టపగలు అందరి కళ్ళ ముందు మాయం చేసిన ఘనుణ్ణి నేను. ఇంద్రజాలం నేర్చుకుని చేసిన పని కాదు, కంప్యూటర్ చదువుకుని చేసిన పని. ఆ ఘనత మాత్రం ఇన్నేళ్ళుగా ఖలీల్ భాయ్ పేరు మీద చెలామణీ అవుతోంది. మొన్న కరీంనగర్‌లో ఒక పెళ్ళి విందులో మా పాత మిత్రుడొకడు బిర్యానీ ప్లేటు పట్టుకుని, "భైంసల రైతుల పత్తి మింగిన కంప్యూటర్ సారు ఈయననే" అని ఆయన్ని పదిమందికీ పరిచయం చేశాడు. అందరూ నవ్వారు, ఖలీల్ భాయ్ కూడా నవ్వాడు. నేను మాత్రం ప్లేటు సగంలో వదిలేశాను. నీళ్ళు తాగి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

తొంభైల నడిమి కాలం. నాకు ఇరవై దాటి రెండు మూడేళ్ళు. కంప్యూటర్ డిప్లొమా కాగితం చేతికొచ్చిన రోజు నుంచి నా నడక కూడా మారింది. రోడ్డు మీద ఎవరైనా పిలిస్తే వెంటనే తిరిగేవాణ్ణి కాదు, కాస్త ఆలోచించి తిరిగేవాణ్ణి. హుజూరాబాద్ ఖలీల్ భాయ్ నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అప్పటికే భైంసాలో ఒక పత్తి మిల్లులో కంప్యూటర్ పని చూస్తున్నాడు. ఇంకో మనిషి కావాలని సేట్ అడిగితే నా పేరు చెప్పి, బస్టాండుకొచ్చి నా ట్రంకు పెట్టె మోసి, తన గదిలోనే నాకు చోటిచ్చాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసిన పని ఎంత గొప్పదో మీకు సరిగ్గా అర్థం కావాలి.

మిల్లు గేటు పక్కన నేల మట్టంగా పరిచిన పెద్ద ఇనుప పలక ఉండేది. అదే కాంటా. బండి దాని మీదికి ఎక్కితే పక్క గదిలో కంప్యూటర్ తెర మీద బరువు పడేది, చీటీ అచ్చయ్యేది. ఖాళీ బండ్ల బరువులు సీజన్ మొదట్లోనే తూచి పెట్టుకున్నాం, కాబట్టి నిండు బండిని ఒక్కసారి తూస్తే చాలు. ఆ ప్రోగ్రాం మేమిద్దరం కలిసి రాసిందే. ఏ చిన్న మార్పు చేసినా పాతదాన్ని చెరపకుండా విడిగా దాచాలని ఖలీల్ భాయ్ నియమం పెట్టాడు. నిన్నటిది కావాలంటే నిన్నటిది, మొన్నటిది కావాలంటే మొన్నటిది ఉండేది.

దసరా ముందు నేనొక గొప్ప మెరుగు చేశాను. వానకు బురద అంటుకుని ఖాళీ పలక కూడా బరువు చూపిస్తోంది. అందుకని, ప్రోగ్రాం మొదలైన క్షణంలో పలక మీద ఏముంటే దాన్ని లేనట్టే లెక్కకట్టేలా రాశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ గర్వంతోనే అక్క పెళ్ళికి కరీంనగర్ వెళ్ళి, గోరింటాకు వెలిసే దాకా అక్కడే ఉండిపోయాను. నేను లేనప్పుడు ఖలీల్ భాయ్ చిన్నా చితకా మార్పులు చాలా చేశాడు. నేను తిరిగొచ్చేసరికి చలి ముదిరింది, గేటు ముందు బండ్ల వరస రోడ్డు దాకా పెరిగింది.

ఒకరోజు ఆ వరసలోంచి గంగారాం అనే రైతు మా గదిలోకి దూసుకొచ్చాడు. గుమ్మానికి కాస్త పెద్ద మనిషి.

"అరె భావు! గిదే బండి పక్క మిల్లు కాంటా మీద ఎక్కించిన. గక్కడ ఇర్వై రెండు కింటాళ్ళు. నీ దగ్గర రెండున్నర కింటాళ్ళు తక్కువ. తొవ్వల నా ఎడ్లు తిన్నయా, లేక నీ డబ్బా తిన్నదా?"

"మా కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్నాను.

"అయితె నా ఎడ్లు అబద్ధమాడుతున్నయా?"

వెనక ఉన్న రైతులు కూడా లోపలికి తోసుకొచ్చారు. ఒకడు కంప్యూటర్ వైపు, దాన్ని ఎక్కడ పట్టుకుంటే ఎత్తడానికి వీలుగా ఉంటుందా అన్నట్టు చూస్తున్నాడు. సేట్ పరుగెత్తుకొచ్చి, అందరికీ దండం పెట్టి, మా ఇద్దరి వైపు తిరిగాడు.

"మొన్నటి దాక మంచిగనే ఉండె గదా. ఇప్పుడెట్ల చెడింది? పొద్దు గూకే లోపల నాకు పేరు గావాలె. ఎవని తప్పైతే వాడు సంచి సర్దుకోని పోవాలె."

ఖలీల్ భాయ్ నెమ్మదిగా అన్నాడు. "రవీ, కూసో. ఒక్కొక్క మార్పు మళ్ళ చదువుదాం."

"ఎన్ని దినాలు చదువుతవ్ భాయ్? నేను మశీన్‌తోనే దొంగను పట్టిస్త."

అక్కడికక్కడే ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ఊళ్ళల్లో దొంగల్ని పట్టే పెద్దమనిషి పేరే పెట్టాను: పోలీస్ పటేల్. సేట్‌కు దాని గొప్పతనం ఇలా వివరించాను.

"దసరా నాటిది మంచిది సేట్. ఇయ్యాల్టిది చెడ్డది. నడుమ ఇన్ని మార్పులున్నయి. పటేల్ సరిగ్గ మధ్యల ఉన్నదాన్ని నడిపిస్తడు. బరువు సరిగొస్తె దొంగ ఇయ్యాల్టి దిక్కు సగంల ఉన్నట్టు, తప్పొస్తె దసరా దిక్కు సగంల ఉన్నట్టు. ఉన్నదాన్ని మళ్ళ సగం జేస్తడు. గట్ల చేసుకుంట పోతె ఆఖరికి ఒక్కటే మిగుల్తది. మనిషి ముట్టుకునేది లేదు."

"మనిషి చూసేది గూడ లేదా?"

"మనిషికి మొహమాటం ఉంటది సేట్. మశీన్‌కు ఉండదు. సరా, తప్పా, గంతే."

సేట్ ముచ్చటపడ్డాడు. ఖలీల్ భాయ్ మాత్రం, "ముందుగాల నీ దసరా దాన్ని గూడ ఒకసారి నడిపి చూడు" అన్నాడు.

"దాన్నెందుకు భాయ్? అది మంచిదని ఎర్కనే గదా."

"ఎట్ల ఎర్క?"

"నేనే రాసిన గదా!"

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి నన్ను తిట్టుకోండి. తర్వాత మీకు తీరిక దొరకదు.

పక్క మిల్లులో తూచిన గంగారాం బండినే పలక మీద నిలబెట్టాను. అక్కడ తూచినప్పుడు ఆయన బండి మీదే ఉన్నాడట. కాబట్టి ఇక్కడ కూడా ఉండి తీరాలన్నాను. పటేల్ పని మొదలుపెట్టాడు. పాత ప్రోగ్రాం ఒకటి తెరవడం, బరువు చూడడం, తప్పైతే కీచుమని అరవడం, దాన్ని మూసి ఇంకొకటి తెరవడం. ప్రతి కీచుకూ ఎడ్లు చెవులు నిక్కించాయి.

"సారూ, ఒంటికి పోయొస్త" అని గంగారాం పైనుంచి కేకేశాడు.

"దిగొద్దు! నువ్వు దిగితె లెక్క తప్పుతది."

"దిగకుంటె ఇంకోటి తప్పుతది సారూ!"

గంగారాం నన్ను అడిగాడు, ఎడమ ఎద్దు అడగలేదు. పేడ పలక మీదే పడింది కాబట్టి బరువులో తేడా ఉండదని నేను కిటికీలోంచి తీర్పు చెప్పాను. నా తెలివికి నాకే ఒళ్ళు పులకరించింది.

కీచు మీద కీచు వస్తూనే ఉంది. నడిపించిన ప్రతిదీ తప్పే. అనుమానం రావలసిన చోట నాకు ఆనందం వచ్చింది. దొంగ వెనక్కి వెనక్కి పరుగెడుతున్నాడు, దొరికిపోతాడు అనుకున్నాను. ఆఖరికి పటేల్ ఒక్కదాని దగ్గర ఆగాడు. దసరా నాటి నా ప్రోగ్రాం తర్వాత ఖలీల్ భాయ్ చేసిన మొట్టమొదటి మార్పు అది. ఏమిటా మార్పు అంటారా? చీటీ పైన "నమస్తే" అని అచ్చయ్యేలా చేశాడు.

"దొరికింది సేట్! ఖలీల్ భాయ్ పెట్టిన నమస్తే."

సేట్ నోరు తెరిచాడు. "నమస్తే పెడితె రెండున్నర కింటాళ్ళ పత్తి పోతదా?"

"కంప్యూటర్ల గంతే సేట్. ఒక దిక్కు ముట్టుకుంటె ఇంకో దిక్కు నొస్తది."

ఖలీల్ భాయ్ నా వైపు చూశాడు. కోపం కాదు. నమ్మకం కుదరని చూపు. "రవీ, నమస్తేకు బరువుంటదారా?"

"నేను చెప్పలే భాయ్. మశీన్ చెప్పింది."

ఆయన లేచాడు. సంచి భుజానికి తగిలించుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. ట్రంకు పెట్టె మోసిన భుజం అదే. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది గానీ అప్పుడు రాలేదు. అప్పుడు నా చుట్టూ రైతులున్నారు, సేట్ నా వీపు తడుతున్నాడు, ఎవరో చాయ్ తెచ్చారు. ఆ చాయ్ తాగి ఊరుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను లేచి నిలబడి, "ఇగ అసలైన ప్రోగ్రాం ఎట్లుంటదో చూడుండ్రి" అని దసరా నాటి నా సొంత ప్రోగ్రాంను నా చేత్తోనే తెరిచాను.

తెర మీద బరువు పడింది.

సున్నా.

కిటికీలోంచి చూశాను. బండి ఉంది. పత్తి ఉంది. ఎడ్లు నెమరేస్తున్నాయి. మళ్ళీ తెర చూశాను. సున్నా. నా కాళ్ళ కింద నేల ఉందో లేదో కూడా చూసుకున్నాను, ఆ మశీన్‌ను అడిగితే అదీ లేదనేలా ఉంది.

గంగారాం బండి మీదినుంచే మెడ చాచి తెర చూశాడు. "సారూ, ఏమొచ్చింది? సున్నానా? పత్తి లేదు, సరే. ఎడ్లు లేవు, సరే. నేను గూడ లేనా?"

అప్పుడు నా నోటి వెంట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "వైరస్!" అన్నాను. "ఖలీల్ భాయ్ దాంట్లకెల్లి నా దాంట్లకు గూడ పాకింది."

"మా చేన్ల పచ్చపురుగు గూడ గట్లనే" అని ఒక రైతు తలూపాడు. "ఒకని చేన్లకెల్లి ఇంకొకని చేన్లకు." మిగిలినవాళ్ళూ తలూపారు. ఆ క్షణంలో ఆ పురుగు మీద నాకు కలిగిన గౌరవం చెప్పలేను.

"నా టిఫిన్ డబ్బా మర్చిపోయిన" అన్న మాట వినిపించి తిరిగి చూస్తే, గుమ్మంలో ఖలీల్ భాయ్. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. తెర మీది సున్నా చూశాడు, కిటికీలోంచి బండి చూశాడు. డబ్బా పక్కన పెట్టి, ప్రోగ్రాం మూసేశాడు.

"గంగారామన్నా, బండి జర ముంగటికి తోలు. పలక ఖాళీ గావాలె."

బండి దిగింది. ఖాళీ పలక మీద ప్రోగ్రాం తెరిచాడు. బండి మళ్ళీ ఎక్కింది. ఇరవై రెండు కింటాళ్ళు, పక్క మిల్లులో వచ్చినట్టే.

"పొద్దుగాల మశీన్ షురూ చేసినప్పుడు పలక మీద ఎవరన్న కూసున్నరా?"

"మేమే" అన్నాడు గంగారాం. "నలుగురం. చలికి ఎండ కాగుతుంటిమి. ఇనుము మంచిగ ఎచ్చగైతది."

"గా మీ నలుగురి బరువే ఇయ్యాల వచ్చిన ప్రతి బండిలకెల్లి పోయింది."

నలుగురూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. అప్పుడు నాకు అర్థమైంది. పటేల్ బండిని పలక మీదే ఉంచి ఒక్కొక్కటీ తెరిచాడు కాబట్టి ప్రతిదీ బండిని లేనట్టే లెక్కకట్టింది. వచ్చిన ప్రతి జవాబూ సున్నా. ఆ అంకెను ఒక్కసారి నా కళ్ళతో చూసి ఉంటే చాలు. సరా, తప్పా, అంతే చెప్పమన్నవాణ్ణి నేనే.

సేట్ గొంతు పెంచాడు. "ఉన్నదాన్ని లేనట్టు లెక్క గట్టే గీ తెలివి ఎవనిది?"

ఖలీల్ భాయ్ నన్ను చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్‌లో లక్ష్మీదేవిని చూశాను. ఆమె కూడా నావైపే చూస్తోంది.

"నాదే సేట్" అన్నాడు ఖలీల్ భాయ్. "సరిజేసిన. పొద్దటి బండ్లన్ని మళ్ళ తూద్దాం."

సేట్ గడ్డం గోక్కున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"సూడు రవీందర్. తప్పు జేసినోడు ఒప్పుకున్నడు, నిమిషంల బాగు జేసిండు. నువ్వు పొద్దంత కూసోని ఒకని పేరు చెప్పినవ్. నాకు పని జేసేటోడు గావాలె గాని, పేర్లు చెప్పేటోడు ఎందుకు? సంచి సర్దుకో."

బస్టాండు దాకా నా ట్రంకు పెట్టె మళ్ళీ ఖలీల్ భాయే మోశాడు.

"ఎందుకట్ల చెప్పినవ్ భాయ్?"

"నీ మొఖం జూసి. ఇంకొక్క గడియైతె కింద పడేటట్టున్నవ్. నేను జెప్తె నీ నౌకరి ఉంటదనుకున్న. గిట్లైతదని ఎవనికెర్క?"

అప్పుడైనా వెనక్కి పోయి సేట్‌కు నిజం చెప్పాలి కదా అని మీరు అడుగుతారు. చెప్పేవాణ్ణే. బస్సు వచ్చేసింది.

కాబట్టి భైంసా రైతులకూ, ఆనాటి సేట్‌కూ, పెళ్ళి విందుల్లో కథలు చెప్పే మిత్రులకూ తెలియజేయునది ఏమనగా: పత్తి మింగింది నేను. ఖలీల్ భాయ్ నమస్తేకు ఏ బరువూ లేదు. ఆనాటి నుంచి నేనొక ప్రతిజ్ఞ చేసుకున్నాను. ఎక్కడ ఏ తప్పు జరిగినా, తాళంచెవి పోయినా, కూరలో ఉప్పు ఎక్కువైనా, నా సంగతి తేలేదాకా ఇంకొకరి పేరు నోట రానివ్వను. దేవుడి దయవల్ల ఈ ప్రతిజ్ఞ ఇప్పటికి ఒక్కసారే తప్పింది.

అది కూడా మా ఆవిడ వల్ల.