మా ఆయన సేనాధిపతిని చంపించింది నేనే

ఈ బరువు ఇరవై ఏళ్ల పైచిలుకు మోస్తున్నాను. పిల్లలు పెద్దవాళ్లయ్యేరు, నా మోకాళ్లు అరిగేయి, ఇది మాత్రం అరగలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పడం తేలిక. ఒక సేనాధిపతి చావుకి నేను కారణం. నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు లెండి, నాకూ నవ్వొస్తోంది. కానీ ఆ నేరం ఇంకొకరి మీద పడింది. అక్కడికొచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. మాకూ పెళ్లయిన కొత్త. అమలాపురంలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన బ్యాంకులో గుమస్తా. మరిది సుందర్ డిగ్రీ చదువుకుంటూ మా దగ్గరే ఉండేవాడు. ముందుగదిలో కంప్యూటరు, అందులో పాతకాలపు యుద్ధాల ఆట. మా ఆయన బ్యాంకు నుంచి వచ్చి చొక్కా అయినా మార్చకుండా మౌసు పట్టుకునేవారు. సుందర్ పక్కన కుర్చీ లాక్కుని, "అన్నయ్యా, ఎడంపక్క! ఎడంపక్క చూడు!" అని అరిచేవాడు. అన్నదమ్ముల కేకలతో ఇల్లు ఎగిరిపోయేది.

ఆ ఆటలో ఎంత సైన్యం ఉందన్నది ఒక్కటే కాదు, నడిపించేవాడెవడన్నది ముఖ్యం. గెలిచినకొద్దీ సేనాధిపతికి నక్షత్రాలొస్తాయి. నక్షత్రాలు ఎక్కువున్నవాడు దగ్గరుంటే సైనికులకి ధైర్యం, ఎంతమంది మీదపడినా నిలబడతారు. నక్షత్రాలు లేనివాడైతే పక్కనుంచి నాలుగు గుర్రాలు వస్తే చాలు, తెల్లజెండా ఎత్తి పరుగే. ఇక సేనాధిపతే పోయేడంటే ఆ సైన్యం చెల్లాచెదురు.

సేనాధిపతులకి మనకి నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. అందరికంటే ఎక్కువ నక్షత్రాలున్నవాడికి మా ఆయన తన పేరు పెట్టుకున్నారు. ఒక్క నక్షత్రమూ లేనివాడికి మా నాన్నగారి పేరు పెట్టేరు.

మా నాన్నగారు కాట్రేనికోన దగ్గర చిన్న బడిలో పంతులు. బెత్తం ముట్టని మనిషి. చర్చిలో కూడా ఆఖరి వరసలోనే కూర్చునేవారు. మా ఆయనకి ఆయనంటే గౌరవమే, పేరు పెట్టింది సరదాకే. "ఏమోయ్, మీ నాన్నగారి సైన్యం మళ్లీ పారిపోయింది!" అని వంటింట్లోకి కేకేసేవారు. ఇద్దరూ పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. బాధగా ఉందండీ అని ఒక్కమాట అంటే ఆ పేరు తీసేసేవారు కదా? తప్పకుండా తీసేసేవారు. ఎందుకనలేదు? పేరు తీసెయ్యడం కాదు నాకు కావలసింది. నాన్నగారు గెలవడం.

మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ ఉండరు. వాళ్లిద్దరూ ఆడుతుంటే చూసిందీ విన్నదీ తలుచుకుంటూ నేనూ మొదలెట్టేను. మొదట్లో నాన్నగారి సైన్యం నాకూ పారిపోయేది. ఆడగా ఆడగా తెలిసింది. వాళ్లు పిరికివాళ్లేమీ కాదు. మా ఆయన వాళ్లని దూరం నుంచి పరుగెత్తించి, అలిసిపోయినవాళ్లని అందరికంటే ముందు తోసేసేవారు. నేను మెల్లగా నడిపించి గుట్ట మీద నిలబెట్టేను. రెండు పక్కలా ఈటెలవాళ్లని కాపలా పెట్టేను. నాన్నగారిని వాళ్ల వెనకాలే ఉంచేను. నిలబడ్డారండీ! ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టేను.

కానీ ఎవరికీ తెలీకూడదు కదా, గెలిచిన ఆటని కంప్యూటర్లో దాచకుండానే మూసేసేదాన్ని. సాయంత్రానికి నాన్నగారు మళ్లీ నక్షత్రాల్లేని మనిషి. మళ్లీ కేక, మళ్లీ నవ్వులు.

ఆ రోజు పెద్ద యుద్ధం. మా ఆయన, నాన్నగారు ఇద్దరి సైన్యాలూ నా చేతిలో ఉన్నాయి. మా ఆయన సేనాధిపతి ముందుకి దూకి శత్రువుల మధ్య చిక్కుకున్నాడు. గుట్ట మీద నాన్నగారి గుర్రాలు ఖాళీగా ఉన్నాయి. ఒక్క నొక్కు నొక్కితే వెళ్లి కాపాడేవి. వేలు మౌసు మీదే ఉంది. నొక్కలేదు. తోచక ఆగిపోయేనని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. చూస్తూ ఊరుకున్నాను. ఆ సేనాధిపతి పడిపోయేడు, అతని మనుషులు పరుగు లంకించుకున్నారు. శత్రువులు గుట్ట మీదికొచ్చేరు. నాన్నగారి మనుషులు కదల్లేదు. గెలిచేం. నాన్నగారి పేరు పక్కన నక్షత్రాలు వెలిగేయి. ఆట దాచమంటావా అని అడిగింది కంప్యూటరు. పాత ఆట చెరిగిపోతుందని కూడా చెప్పింది. దాచమన్నాను.

సాయంత్రం మా ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఆట తెరిచేరు. తర్వాత నన్ను పిలిచేరు.

"దీన్ని నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"నాకా మౌసు పట్టుకోడమే రాదు కదండీ."

"మధ్యాహ్నం తమ్ముడొచ్చేడా?"

"ఆయ్. భోజనానికొచ్చేడండీ."

అది నిజమే. వచ్చేడు, తిన్నాడు, వెళ్లిపోయేడు. ముందుగదిలో కూర్చోనైనా లేదు. ఆ ముక్క నేను చెప్పలేదు.

మా ఆయన సుందర్‌ని పిలిచి, "నన్ను ఏడిపించడానికి మావగారికి నక్షత్రాలు తెచ్చిపెట్టేవా?" అన్నారు. సుందర్ ముందు నవ్వేడు. తర్వాత "నేను కాదు" అన్నాడు. బైబిలు మీద ప్రమాణం చేస్తానన్నాడు.

"ఆట పోతే పోయిందిరా. ఒప్పుకోవచ్చు కదా. అబద్ధం ఎందుకు?" అన్నారు మా ఆయన.

సుందర్ నావైపు ఓసారి చూసేడు. అతనికి తెలిసిందా? నాకిప్పటికీ తెలీదు. నేను గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయేను.

కొన్నాళ్లకి సుందర్ స్నేహితుల గదికి మారిపోయేడు. కాలేజీకి దగ్గరన్నాడు. మా ఆయన ఒక్కరే ఆడేవారు. గెలిచినా కేక వినపడేది కాదు. చివరికి ఆ ఆటే తీసేసేరు. క్రిస్మస్‌కి ఇద్దరూ మాట్లాడుకున్నారు, కేకు కోసుకున్నారు, అంతా మామూలే. కానీ ఒకే తెర ముందు కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చోడం మళ్లీ నేను చూడలేదు.

సుందర్ ఇప్పుడు రాజోలులో లెక్చరరు. హాయిగా ఉన్నాడు. అందరం కలిసినప్పుడల్లా మా ఆయన, "మీ బాబాయి అబద్ధమాడితే అతికినట్టుంటుందర్రా!" అని పిల్లలకి చెబుతారు. అందరూ నవ్వుతారు. సుందరూ నవ్వుతాడు. నేను గారెలు వడ్డిస్తుంటాను. మొన్న సుందర్ వాళ్ల అమ్మాయి మాత్రం నవ్వలేదు. "నిజంగా అబద్ధమాడేవా నాన్నా?" అనడిగింది. సుందర్ దాని తల నిమిరేడు. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

వాళ్లకి చెబుతానా? చెప్పాలనే ఉంది. మా ఆయన నవ్వేస్తారేమో. సుందర్ నవ్వకపోవచ్చు, అది అతనిష్టం. ఇంకోటి కూడా చెప్పాలి. నాన్నగారి మనుషులు ఆ గుట్ట మీద నిలబడ్డారన్నది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ సంతోషమే. ఎంత పశ్చాత్తాపపడినా ఆ సంతోషం పోవడం లేదు. అలాంటిదాన్నని కూడా తెలుసుకోండి.

ఆ రోజు ఆడింది నేను. చంపించింది నేను. సుందర్ అబద్ధమాడలేదు.

అబ్బ, అనేసేను.