పిన్నికి కుట్టిన జాకెట్టు

పోయిన మంగళవారం తెల్లారేసరికి మా వీధి పిన్ని పోయింది. ఆవిడ కోడలు ఫోను చేసి చెప్పింది. నాకు చుట్టం కాదు. విశాఖ కంచరపాలెంలో మా వీధి ఆడవాళ్ల జాకెట్లన్నీ కుట్టిన మనిషి. అందరికీ పిన్నే. నాకు మిషను నేర్పింది ఆవిడే.

నేను ఎలమంచిలి పక్క పల్లె నుంచి పెళ్లై ఇక్కడికి వచ్చాను. మా ఆయన పోర్టు డ్యూటీకి వెళ్తే ఇంట్లో తోచేది కాదు. కాలక్షేపానికి పాత కాలిమిషను ఒకటి కొనుక్కున్నాను. మొదటి వారం పిన్ని దారం ఎక్కించనివ్వలేదు. గీతల కాగితం సూది కింద పెట్టి, గీత మీదే కుట్టమంది. తర్వాత ఆ చిల్లుల కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి చూసేది.

"ఒలే, ఇదేటి, తాగినోడు నడిసినట్టుంది?"

"దారం ఉంటే తిన్నగా వస్తుంది పిన్నీ."

"దారం ఏటి సేత్తాదే? నువ్వెటు లాగితే అటే ఎల్తాది."

నా కాలు తడబడితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగేది. పిన్ని తిట్టేది కాదు. మోకాలి మీద ఒక్కటి వేసేది. తప్పు కుట్టు మాత్రం ఎన్నడూ తను విప్పలేదు, నాచేతే విప్పించేది.

కిందటేడు పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది. జాకెట్టు తొడగడం కుదరక కోడలు నైటీ వేసేది. ఎవరైనా వస్తే పిన్ని దుప్పటి మెడదాకా లాక్కునేది. చివరికి నన్ను పిలిచింది.

"నైటీతో మనుసుల ముందు కూకోలేకపోతన్నానే. కుడి సెయ్యి బుజం కాడినుంచి తెరిసి హుక్కులెట్టు. పోయేలోపల ఒక్కసారి జాకెట్టు తొడుక్కోవాల."

కొలతలు చెప్పింది, రాసుకున్నాను. జాకెట్టు చేతులకి గుడ్డని ఎదురెదురుగా మడిచి కత్తిరించాలి. నేను విడివిడిగా కత్తిరించాను. రెండూ ఎడమచేతివే అయ్యాయి. తీసుకెళ్లి చూపిస్తే మూతి ఒక పక్కకి లాగుతున్నా నవ్వింది.

"అవున్లే, నాకిప్పుడున్నది ఎడమ సెయ్యొకటే."

"రేపు మార్చి తెస్తాను పిన్నీ."

"రేపంటే రేపే తే."

గుడ్డ కొన్నాను. మళ్లీ తప్పుతానేమోనని కత్తెర ముట్టుకోలేదు. ఆరు రోజులు గడిచాయి. నాకది కాలక్షేపం. ఆవిడకి కాదు.

మంగళవారం కోడలి ఫోను పెట్టేశాక నేను వెంటనే వెళ్లలేదు. మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడిచేతికి గుడ్డ కత్తిరించి కుట్టాను, హుక్కులు వేశాను. వెళ్లేసరికి స్నానం చేయిస్తున్నారు.

"ఇప్పుడొత్తన్నావేటక్కా?" అంది కోడలు.

జాకెట్టు అందించాను. ఆ పిల్ల తడిచేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. ఒళ్లు ఇంకా బిగుసుకోలేదు. ముందు ఎడమచెయ్యి దూర్చాం. కుడిచేతి హుక్కులు ఒక్కొక్కటే నేను పెట్టాను. చెయ్యి సరిగ్గా కూర్చుంది. సరిగ్గా ఉందని చెప్పవలసిన మనిషి లేదు.

ఆడవాళ్లం వీధి చివరిదాకా వెళ్లాం. అక్కడ రైల్వే గేటు పడింది. పాడె భుజాల మీదే పెట్టుకుని మోసేవాళ్లు నిలబడిపోయారు. పోర్టు నుంచి వచ్చే బొగ్గు గూడ్సు. పెట్టె వెనక పెట్టె, చాలాసేపు పోతూనే ఉంది.