కాంతమ్మ గారి చెరలో నా నల్ల పుస్తకం

నలభై ఎనిమిదేళ్ళ వయసులో నేను నా కొత్త జీవితాన్ని గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, లక్క సీలు వేసి, రిజిస్టర్డు పార్సెల్లో ఖరగ్‌పూర్ పంపేశాను. పంపుతున్నది పాత జీవితం అనుకున్నాను లెండి. ఆ రెంటికీ తేడా తెలియడానికి వారం పట్టింది. తెలిశాక నేను పడ్డ అగచాట్లు వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో మా ఆయన నవ్వితే రెండు రోజులు చారు మెతుకులే పెట్టాను గానీ, మీరు నా చేతికి అందరు కదా.

ముందు నా సంగతి చెప్పాలి. మాది కాకినాడ వైపు. మా ఆయన ప్రకాశం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కావడంతో రాయ్‌పూర్ వచ్చి, రైల్వే కాలనీలో స్థిరపడ్డాం. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై మూడేళ్ళు నర్సుగా చేశాను. కాలనీలోనూ, చర్చిలోనూ అందరికీ సుగుణ సిస్టర్ని. నాకున్న గొప్ప పేరల్లా జ్ఞాపకశక్తికి. ఎవరికి ఏ మందు పడదు, ఎవరి మనవరాలి పుట్టినరోజు ఎప్పుడు, ఎవరి అత్తగారికి కంటి ఆపరేషన్ ఎన్నో తారీఖున, ఏది అడిగినా ఠక్కున చెప్పేదాన్ని. నిజానికి నాకేమీ గుర్తుండదు. నా దగ్గర నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉండేది. విన్నదల్లా అందులో రాసుకునేదాన్ని, అడగ్గానే వంటింట్లోకి వెళ్ళి చూసుకుని వచ్చి చెప్పేదాన్ని. నాకు మాటిమాటికీ దాహం వేస్తుందని ఊరంతా అనుకునేవారు.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లోనే నేను ఉత్తరాల సంఘంలో చేరాను. నలభై దాటాక బతుకును మళ్ళీ మొదలుపెట్టాలనుకునేవాళ్ళ కోసం విశాఖపట్నంలో ఒకావిడ నడిపేది. పేరు ‘మలి మలుపు’. ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు, ఉత్తరాల కింద ‘పెద్దక్క’ అని సంతకం చేసేది. మీటింగులు లేవు, ముఖాలు చూసుకోవడాలు లేవు, అంతా పోస్టులోనే. నెలనెలా ఒక కవరు వచ్చేది. అందులో నాలుగు పేజీల ఉత్తరం, ఒక పని. మొదటి నెల పని, చిన్నప్పుడు ఏం కావాలనుకున్నారో రాయమని. ‘కేకులు చేయాలనుకున్నాను’ అని రాశాను. రెండో నెల పని, ఆ మాట పదిమందికి చెప్పమని.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి చెప్పేశాను. ‘ఈ క్రిస్మస్‌కి కేకులు నేను చేస్తాను. ఎవరికి ఎలాంటిది కావాలో ఒక్కసారి చెప్పండి చాలు. రెండోసారి అడిగితే నా పేరు సుగుణే కాదు!’ అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

పద్నాలుగు ఆర్డర్లు వచ్చాయి. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆసుపత్రి మేట్రన్ దగ్గరికి వెళ్తే ఆవిడ రెండు నెలల సెలవిచ్చి, ‘కేకులు నిలబడితే రాజీనామా ఇచ్చెయ్యి. లేకపోతే జనవరి ఒకటిన మళ్ళీ వార్డులో కనపడు’ అంది. అంటే ఇక నా బతుకంతా ఆ పద్నాలుగు కేకుల మీద ఉందన్నమాట.

మూడో నెల కవరు వచ్చింది. పని పేరు ‘అప్పగింత’. మిమ్మల్ని పాత జీవితానికి కట్టిపడేస్తున్న వస్తువు ఏదో ఒకటి ఎంచుకుని, సీలు వేసి, మీ జంట సభ్యురాలికి పంపాలి. ఆవిడ దాన్ని విప్పకుండా ఆరు నెలలు దాచాలి. కింద ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక: ‘పంపినవాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి అడుగుతారు. బతిమాలతారు, ఏడుస్తారు, నమ్మదగిన అబద్ధాలు చెబుతారు. అది వాళ్ళు కాదు, వాళ్ళలోని పాత మనిషి. ఇవ్వకండి.’

నా జంట ఖరగ్‌పూర్‌లో ఉండే కాంతమ్మ గారు. లెక్కల టీచరుగా ముందే రిటైర్మెంటు తీసుకుని వీణ నేర్చుకుంటున్నారు. ఆవిడ పార్సెల్ ముందు వచ్చింది. పొడుగ్గా, సన్నగా, బిగుసుకుని ఉంది. లెక్కల టీచరు పంపిన పొడుగాటి సన్నటి వస్తువేమిటో విప్పకుండానే తెలుస్తుంది కదా.

నేనేం పంపాలి? ఇంకేముంటుంది, నల్ల పుస్తకం! ఊరందరి మందులూ మాకులూ మోసే గాడిద చాకిరీ ఇక చాలనుకున్నాను. సీలు వేస్తుంటే భుజాల మీంచి సిమెంటు బస్తా దింపినంత హాయిగా ఉంది. పోస్టాఫీసు నుంచి తిరిగొస్తూ తెలీబంధా చెరువు గట్టున కూర్చుని ఐస్‌క్రీం కూడా తిన్నాను.

వారం తర్వాత మైదా కొనడానికి బయల్దేరుతుంటే మా ఆయన అడిగాడు.

“ఎన్ని కిలోలు తేవాలే?”

“ఆర్డర్లు చూసి చెబుతానుండండి” అని వంటింట్లోకి నడిచాను. పుస్తకం ఉండే అల్మారా తెరిచాను. ఖాళీ. అక్కడే నేల మీద చతికిలబడ్డాను. ఇరవై ఏళ్ళ అలవాటు కదండీ, విన్న మాట విన్నట్టు చెయ్యి దానంతట అదే నల్ల పుస్తకంలో రాసుకుపోయింది. పద్నాలుగు ఆర్డర్లూ దాని చివరి పేజీల్లో ఉన్నాయి.

“ఏమైందే? బీపీ ఏమైనా డౌనైందా?”

“ఆర్డర్లు కూడా పోస్టు చేసేశానండీ.”

అప్పుడే ఆయన నవ్వింది, అప్పుడే నేను చారు కాచింది.

పద్నాలుగు పేర్లూ గుర్తున్నాయి. ఎవరికి గుడ్డు వద్దు, ఎవరికి ఎండుద్రాక్ష పడదు, ఎవరికి అరకిలో, ఎవరికి రెండు కిలోలు, ఇదేదీ లేదు. వెంటనే కాంతమ్మ గారికి ఉత్తరం రాశాను: ‘అమ్మా, ఆ పుస్తకంలో నా కొత్త జీవితం కూడా ఉంది. దయచేసి తిరిగి పంపండి.’

పది రోజులకు కార్డు వచ్చింది. చేతిరాత బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉంది. ‘సుగుణ గారూ, సరిగ్గా వారానికే అడిగారు. పెద్దక్క ఎంత బాగా చెప్పింది! ధైర్యంగా ఉండండి.’

ఆవిడ పార్సెల్ మీద ఫోన్ నంబరు కనిపిస్తే, సంఘం రూలు పక్కనపెట్టి ఫోన్ చేశాను.

“అమ్మా, నేను సుగుణని, రాయ్‌పూర్ నుంచి. పుస్తకంలో కేకుల ఆర్డర్లున్నాయమ్మా.”

“కేకులా? శభాష్. నమ్మదగినట్టే ఉంది.”

“అబద్ధం కాదమ్మా! పోనీ పంపొద్దు. విప్పి, చివరి మూడు పేజీలు చదివి వినిపించండి చాలు.”

“విప్పితే సీలు పోతుంది. సీలు పోతే అప్పగింత ఏముంది? ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్రశ్నపత్రం ముందు విప్పలేదమ్మా నేను.”

“మా ఆయనతో మాట్లాడండి, ఆయన చెబుతారు.”

మా ఆయన ఫోన్ అందుకున్నాడు. “నమస్తే మేడమ్. చూడండీ, మా ఇంట్లో సచ్చీ బహుత్ టెన్షన్ అయిపోతోంది. ఆర్డర్ల మాట నిజమేనండీ.”

“భర్త చేత చెప్పిస్తారని నాలుగో పేజీలో ఉంది బాబూ” అని ఆవిడ జాలిగా అన్నారు.

నేను ఫోన్ లాక్కుని ఆఖరి అస్త్రం తీశాను. “అయితే మీ బెత్తం మీకే తిరిగి పంపేస్తాను!”

“పంపండి. అదే రోజు మళ్ళీ మీకే పంపుతాను. అది బెత్తమని ఎలా తెలిసింది? విప్పారా?”

“లేదమ్మా” అన్నాను. గొంతు దానంతట అదే రెండో తరగతి పిల్ల గొంతైపోయింది.

ఇక మిగిలింది పెద్దక్క. కన్నీళ్ళతో నాలుగు పేజీలు రాశాను. జవాబు రాలేదు. బదులుగా డిసెంబరు కవరు వచ్చింది. నా నాలుగు పేజీలూ పొల్లుపోకుండా అందులో అచ్చయ్యాయి. పైన శీర్షిక: ‘పాత మనిషి ఎంత అందంగా ఏడుస్తుందో చూడండి’. కింద నా అడ్రసిచ్చి, ఈ సోదరికి ధైర్యం చెప్పండని సభ్యులందరికీ విన్నపం.

ఇక చూడండి, కార్డుల వాన! ‘అడగొద్దు సుగుణక్కా’, ‘నిలబడు చెల్లీ’, ‘నేనూ నా కుట్టుమిషను కోసం ఇలాగే ఏడ్చాను, ఇప్పుడు హాయిగా ఉన్నాను’. రోజూ కట్టలుగా తెచ్చిస్తున్న పోస్ట్‌మాన్ చివరికి ఉండబట్టలేక, “దీదీ, ఘర్ మే సబ్ ఠీక్ హై నా?” అని నెమ్మదిగా అడిగాడు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారని చెప్పి తలుపేసుకున్నాను.

ఆర్డర్లిచ్చినవాళ్ళను నేరుగా అడిగే ముఖం లేదు. రెండోసారి అడిగితే పేరే మార్చుకుంటానన్నదాన్ని కదా. అందుకని మాటల్లో పెట్టి కూపీ లాగుదామని బయల్దేరాను. ముందు పక్క క్వార్టరు శర్మా భాభీ.

“భాభీ, మీ కేకు గురించే ఆలోచిస్తున్నా. ఎలా ఉంటే బాగుంటుందంటారు?”

“అరే సిస్టర్, జైసా బోలా థా, వైసా హీ!” అంటూ నవ్వింది. చెప్పినట్టే చేస్తే చాలట.

తర్వాత భన్‌పురిలో లారీల ఆఫీసు నడిపే ప్రసాద్ గారి భార్య విమల. మాటల సందట్లో పడేద్దామని జీడిపప్పు ధర దగ్గర మొదలుపెట్టాను.

“జీడిపప్పు మంచిది దొరికిందొదినా. మీ కేకులోకి ఎంత వేయమంటారు?”

“మీకు తెలియనిదేముందొదినా, నే చెప్పా కదా. బస్, అదే పక్కా.”

చివరికి పాస్టరమ్మ గారు. ఆవిడ జీవితంలో అబద్ధమాడి ఎరగరని మా చర్చి అంతా చెప్పుకుంటుంది.

“అమ్మా, మీది మాత్రం ప్రత్యేకంగా చేద్దామనుకుంటున్నాను.”

“ప్రత్యేకం ఏమొద్దు సిస్టర్. నేను చెప్పింది చెప్పినట్టు చేయండి చాలు.”

ఇంటికొచ్చి ఏడ్చాను. అందరికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, నాకొక్కదానికే లేదు. మనసులో వార్డు కనిపించింది, తెల్ల బూట్లు కనిపించాయి, ఇక జన్మంతా థర్మామీటరేననిపించింది. ఆ ఒక్క రోజు మా ఆయన నవ్వలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

“చూడు సుగుణా. ఎవరికీ ప్రమాదం లేని కేకు ఒకటుంటుంది కదా. అదే పద్నాలుగు చెయ్యి. తిడితే కలిసే తిట్లు తిందాం.”

గుడ్డు లేదు, రమ్ము లేదు, ఎండుద్రాక్ష లేదు. ఆసుపత్రిలో పత్యం పెట్టినట్టు పద్నాలుగు కేకులు, ఒక్కొక్కటి కిలో, అన్నీ కవల పిల్లలే. క్రిస్మస్ ముందురోజు ఆయన స్కూటరు నడుపుతుంటే వెనక అట్టపెట్టెలు పట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి, ఒకే మాట చెప్పాను: “ఇదిగో, మీరు చెప్పింది.”

శర్మా భాభీ పెట్టె తెరిచింది. నేను కళ్ళు మూసుకున్నాను.

“వాహ్! బిల్కుల్ వహీ! అచ్చం అదే! సిస్టర్, ఇంతమందిలో ఎలా గుర్తుపెట్టుకున్నారు?”

విమల ముక్క కోసి నోట్లో వేసుకుంది. “ఇదేనొదినా నే చెప్పింది. సచ్చీ, మీ బుర్రే బుర్ర!”

పద్నాలుగు ఇళ్ళలోనూ అదే వరస. కొత్త సంవత్సరం ఆరాధనలో పాస్టరమ్మ గారు లేచి నిలబడి, సుగుణ సిస్టర్ జ్ఞాపకశక్తి దేవుడిచ్చిన వరమని సాక్ష్యం చెప్పారు. నేను తల వంచుకుని పాటల పుస్తకంలో ఏదో వెతికాను. ఆ రోజే మేట్రన్ గారికి రాజీనామా ఇచ్చేశాను. ఆవిడ దాన్ని మడిచి సొరుగులో పెట్టుకుని, “నాక్కూడా ఒక కేకు పంపు” అంది.

ఏప్రిల్ చివర, సరిగ్గా ఆరు నెలల నాడు, నల్ల పుస్తకం వచ్చింది. లక్క మీద ఒక్క గీత లేదు. చివరి పేజీలు తిప్పాను. శర్మా భాభీ: చాక్లెట్ కేకు, రెండు కిలోలు. విమల: గుడ్డు తప్పనిసరి, ఎండుద్రాక్ష ఎక్కువ, రమ్ము ఉంటే మరీ మంచిది. చదువుతున్నకొద్దీ చెమటలు పట్టాయి. పద్నాలుగింటిలో ఒక్కటంటే ఒక్కటి నేను చేసినట్టు లేదు. పాస్టరమ్మ గారి పేరు దగ్గర కేకే లేదు. ఆవిడ చెప్పింది నూనెలో వేయించే గులాబీ పువ్వులు, రెండు డబ్బాలు.

ఎవరికీ ఏమీ గుర్తులేదండీ! గుర్తుంచుకునేదాన్ని నేనున్నానని అందరూ నిశ్చింతగా మరిచిపోయారు. ఇప్పటికి ఇన్నేళ్ళైంది, ఏటా పద్నాలుగిళ్ళ వాళ్ళూ ‘పోయినసారి చెప్పినట్టే సిస్టర్’ అంటారు, ఏటా అదే పత్యం కేకు పట్టుకెళ్తాను. నా దుకాణం నిలబడింది దాని మీదే.

పుస్తకం వచ్చిన రోజే జరిగిందంతా కాంతమ్మ గారికి రాశాను. ఈసారి జవాబు నాలుగు రోజుల్లోనే వచ్చింది: ‘సాక్ష్యం ఇంట్లో ఉండటం మంచిది కాదు. పుస్తకం వెంటనే నాకు పంపండి. ఈసారి జీవితాంతం ఉంచుతాను.’

పంపేశాను, రెండు సీళ్ళు వేసి. ఇప్పుడు నా కుడిచేయి మిక్సింగు గిన్నె మీద పెట్టి, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: బతికి ఉండగా ఎవరి ఆర్డరూ రాసుకోను, ఎప్పుడో రాసినదాన్ని చదవను, నేను ఎంత ఏడ్చినా ఆ పుస్తకం నాకు ఇవ్వొద్దు.