అమ్మ చేతులూ, నాలుగో రంగూ

ఈ మధ్య టెక్కలిలో కళ్ళజోడు మార్పించుకుని వస్తూ, బస్సులో మనవరాలికి కొనిపెట్టిన బిస్కెట్ పొట్లం మీది బొమ్మను కొత్త అద్దాల్లోంచి ఎంత దగ్గరగా పెట్టుకుని చూసినా ఒక్క చుక్కా కనబడలేదు. చుక్కలేమిటి తాతా అని ఆ పిల్ల ఒకటే నవ్వు. దానికేం తెలుసు, మీకూ నాకూ తెలుసు గానీ. మన రోజుల్లో అచ్చులో పడ్డ రంగుల బొమ్మ దేన్ని కంటి దగ్గరకు తెచ్చుకున్నా బుగ్గలూ, చీరలూ, ఆకాశమూ అన్నీ చుక్కలే.

ఆ చుక్కలే నాకు కూడు పెట్టాయి. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో పలాసలో ఒక అచ్చాఫీసులో, ఫొటోను స్కాన్ చేసి నీలం, గులాబి, పసుపు, నలుపు అని నాలుగు రంగుల చుక్కలుగా విడగొట్టే పని నాది. ఒక్కో రంగుకీ ఒక్కో ఫిల్ము. అవి ఒకదాని మీద ఒకటి పడితే బొమ్మ తయారు. నాలుగోదైన నలుపు పడేదాకా బొమ్మకి ప్రాణం రాదని మా యజమానితో వాదించేవాణ్ణి. అసలే మొండిఘటాన్ని, ఆ వయసులో మరీను.

మా అమ్మ ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. పిక్కలోంచి కారే జీడి చేతికంటితే ఇక సబ్బుకీ లొంగదు, కుంకుడుకాయకీ లొంగదు. బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ నల్లగా పట్టేసేది. ఒకసారి ఆ ఫ్యాక్టరీ షావుకారు కొత్త అట్టపెట్టెల మీద వేయించడానికి, దోసిట్లో జీడిపప్పు పోయించి ఫొటో తీయించాడు. ఆ దోసిలి మా అమ్మది. ఫొటో తిరిగి తిరిగి నా బల్ల మీదకే వచ్చింది. మరకలు ఉంచినా తీసేసినా తనకి పట్టింపు లేదు, నన్నే చూసుకోమన్నాడాయన. నాకైతే ఉంచాలనే ఉంది. మమ్మల్ని పెంచిన చేతులు, ఊరంతా చూడనీ అనుకున్నాను. ఆ గొప్ప చూపిద్దామనే అమ్మను అచ్చాఫీసుకి తీసుకొచ్చి, తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టాను.

అమ్మ చూసింది, చూసి చేతులు రెండూ చటుక్కున కొంగు కింద దాచేసుకుంది.

“తీసెయ్ నాయనా. నీకాడ మిసను ఉంది కదేటి.”

నేను నచ్చజెప్పబోయాను. అప్పుడు చెప్పింది, అక్క పెళ్ళిలో నలుగు పెట్టడానికి తనెందుకు రాలేదో. వంటల దగ్గర పనుండి పిన్నిని పంపిందనే ఇన్నేళ్ళూ అనుకున్నాం మేమంతా.

“పసుపు రాసిన బుగ్గ మీద ఈ సేతులెలాగ ఎడతాన్రా? సూసినోళ్ళేటనుకుంతారు?”

ఆవిడ కళ్ళు తడవలేదు, నాకే కన్నీళ్ళాగలేదు. ఇక వాదించలేదు. అమ్మ నా పక్కన కూర్చుని ఇక్కడింకా ఉంది, అదిగో గోరు మూల ఉంది అని చూపిస్తుంటే, మౌసు పట్టుకుని వేలు తర్వాత వేలు తుడుచుకుంటూ పోయాను. పెట్టెలు అచ్చయి వచ్చాక ఒకటి పట్టుకుని వీధంతా తిరిగింది. ముందు పిన్ని ఇంటికే వెళ్ళింది.

ఇప్పుడు పిక్కలు కొట్టడానికి యంత్రాలొచ్చాయి, చేతులకి తొడుగులొచ్చాయి, పనికెళ్ళే ఆడపిల్లల చేతులు శుభ్రంగా ఉంటున్నాయి. చూస్తే సంతోషంగా ఉంటుంది. మచ్చలు తుడవడానికి నాలాంటివాడి అవసరమూ లేదు, ఫోన్లే అడక్కుండా తుడిచేస్తున్నాయి. అమ్మ పోయి చాలా కాలమైంది. అసలు ఫొటో షావుకారు దగ్గర ఏమైపోయిందో తెలియదు. ఆవిడ చేతుల బొమ్మంటూ నా దగ్గర మిగిలింది ఆ అట్టపెట్టె మీదిదే. అమ్మ కోరినట్టే ఉన్నాయి ఆ చేతులు, కష్టమెరగని పెద్దింటావిడ చేతుల్లా. ఆవిడ కోరిక తీర్చినందుకు నాకు తృప్తిగానే ఉంటుంది. కానీ నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది ఆ చేతులు కావు, మరకల చేతులు. వాటిని ఒక్కసారి చూడాలనిపించినప్పుడు చూసుకుందామంటే ఎక్కడా లేవు.