తాతగారి పద్యాల్లో లేని కూతురు

విజయవాడలో ఒక కాలేజీవాళ్లు బానిస బతుకుల మీద సభ పెట్టి, మా తాతగారి పద్యాలు చదవమని నన్ను పిలిచారు. మా దివాణం పోయింది, పొలం పోయింది, గవర్నరుపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. అయినా ఆ పద్యాలున్నంతకాలం మా వంశం ఎవరి ముందూ తల దించనక్కర్లేదని నా నమ్మకం. గంజిపెట్టిన పంచె కట్టుకుని, ఆటో వద్దని నడిచే వెళ్లాను.

ఆ పద్యాలు మా నాయనమ్మకు అరణంగా వచ్చిన మనిషి మీదివి. మా ఇళ్లలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అరణం ఇచ్చేవాళ్లు. పాడి ఆవు, పందిరిమంచం, వెండి చెంబులు, వాటితోపాటు జీవితాంతం సేవ చేయడానికి ఒక ఆడమనిషి. తాతగారు ఆమెకు విడుదల ఇచ్చారు. ఇచ్చినా ఆమె ఏటా శ్రావణమాసంలో వచ్చి మా వాకిట్లో కన్నీళ్లతో నిలబడేది. స్వేచ్ఛ కన్నా విశ్వాసమే గొప్పదని చాటిందని తాతగారు నూటెనిమిది పద్యాలు రాశారు.

ఆమెను నేనూ చూశాను. గొడ్లచావిడి గోడ పక్కన పొద్దుగూకేదాకా నిలబడేది. అన్నం పెడితే తినేది కాదు. "చూడరా, అదీ విశ్వాసమంటే" అని మా నాన్నగారు నాకు చూపించేవారు.

సభలో నాకన్నా ముందు ఒక లెక్చరర్ మాట్లాడారు. యాభై ఏళ్లావిడ. వాళ్ల అమ్మమ్మ చెప్పిన జీవితాన్ని చెప్పింది చెప్పినట్టు పుస్తకంగా రాశారట. చదవడం మొదలుపెట్టారు. కంకిపాడు దాటాక కాలవ ఒడ్డున దివాణం, గొడ్లచావిడి, ఆ గోడ. అది మా ఇల్లే, ఆ అమ్మమ్మ మా వాకిట్లో నిలబడిన మనిషే.

విడుదల ఇచ్చిన ఏడాదే ఆమె పెద్దకూతుర్ని మా మేనత్తకు అరణంగా పంపారు. ఆ పిల్లకు పన్నెండేళ్లు. శ్రావణమాసంలో మేనత్త పుట్టింటికి వచ్చేది. వెంట ఆ పిల్లా వచ్చేది. లోపల ఆ పిల్ల మేనత్త పసివాణ్ణి ఎత్తుకుని తిరుగుతుంటే, తలుపు సందులోంచి కనపడుతుందేమోనని తల్లి బయట నిలబడేది.

ఆ పిల్ల మాకు అన్నం వడ్డించేది. ఆమె కూతురని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తాతగారి పద్యాల్లో ఆ కన్నీళ్లను ముత్యాలతోనూ మంచుతోనూ పోల్చారు. ఎందుకేడ్చిందో ఒక్క పాదంలోనూ లేదు.

నన్ను వేదిక మీదికి పిలిచారు. "నేను చదవలేనండీ" అని మాత్రం అనగలిగాను.

టీ ఇచ్చేచోట ఆవిడే నా దగ్గరకొచ్చారు.

"మీరు ఆ కుటుంబం వారేనటగదండీ. మీ మేనత్తగారు పుట్టింటికి రావడం మానేశాక మా అమ్మమ్మ ఆవిడ అత్తవారి ఊరు వెతుక్కుంటూ వెళ్లిందండీ. ఇల్లమ్మేసి ఎటో వెళ్లిపోయారన్నారట. మీ నాన్నగారిని రెండుసార్లు అడిగిందట. 'అక్కడ సుఖంగానే ఉందిలే, ఫో' అన్నారట. మా పెద్దమ్మ ఉందో లేదో తెలుసుకోకుండానే పోయిందండీ మా అమ్మమ్మ. మీకేమన్నా తెలుసా?"

ఆ పద్యాలతో మిగిలిన పరువూ ఇక్కడితో సరి అనుకున్నాను. తెలియదంటే అక్కడితో అయిపోయేది. మేనత్త కొడుకు, మా బావ, చల్లపల్లిలో ఉన్నాడు. ఫోన్ చేసి, ఆవిడకూ వినపడేలా స్పీకర్ పెట్టాను.

"ఏమోయ్ జమీందారూ, బతికే ఉన్నావా?"

"బావా, అత్తయ్యతో అరణంగా వచ్చిన ఆవిడ..."

"ఎవరు, మా ముసలిదా? వెనక వసారాలో కూచుని చింతపండు పిక్క తీస్తోంది. ఎనభై దాటినా చెయ్యి ఊరుకోదు. ఏం, ఇన్నాళ్లకు గుర్తొచ్చింది? నీకు అరణంగా పంపమంటావా ఏంటి?" అని పకపకా నవ్వాడు.

ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టేసి సంచి భుజాన వేసుకున్నారు. "అవనిగడ్డ బస్సు ఎక్కితే చల్లపల్లిలో దిగొచ్చు గదండీ?" అన్నారు.

బస్టాండు దాకా వెంట వెళ్లాను. బస్సు కదలబోతుంటే, "నేనూ వస్తానమ్మా. ఇల్లు చూపిస్తాను. ఆవిణ్ణి క్షమాపణ..." అన్నాను.

ఆవిడ మెట్టు మీద నిలబడి నా పంచెనూ కండువానూ పైనుంచి కిందిదాకా చూశారు. ఆ చూపులో కోపం లేదు.

"వద్దండీ. మిమ్మల్ని చూస్తే మా పెద్దమ్మ లేచి నిలబడుతుంది."